పికప్ బండికి బాట విడుచు హంగులు: కొనవలెనా, మానవలెనా?

పిల్లలు సముద్రములు దాటి కాపురములు పెట్టిన ఇండ్లు మన శ్రోతలలో నేడు కొల్లలు. అందును అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోయి టెక్సాసు, న్యూజెర్సీ, మిచిగాన్ మొదలగు రాష్ట్రములందు స్థిరపడినవారు అనేకులు. ఆ దేశమున సంసారి కొను పెద్ద వస్తువులలో ఇంటి తరువాత లెక్కింపదగినది బండి. బండ్లలో అచ్చటివారికి మిక్కిలి ప్రీతిపాత్రమైనది పికప్. ముందు భాగమున నలుగురైదుగురు కూర్చుండు గదియు, వెనుక మూతలేని తొట్టియు దానికుండును. మన పల్లెలనుండి పాలడబ్బాలను, కూరగాయల బుట్టలను పట్టణమునకు చేర్చు చిన్న బండికి అది వరుసకు పెద్దన్న. ఫోర్డు కంపెనీవారి ఎఫ్ వరుస పికప్పులు 1948లో పుట్టినవి. 1977 మొదలుకొని అమెరికాలో పికప్పుల అమ్మకమున మొదటి స్థానము ఆ వరుసదే.

ఇట్టి బండిని కొనబోవువారి యెదుట అంగడివాడు ఒక పట్టికను పరచును. అందు రంగు మొదలు తోలు ఆసనముల వరకు పలు అదనపు వస్తువులుండును. వానిలో ఒకటి ‘ఆఫ్-రోడ్ ప్యాకేజి’. రాళ్ళలో, ఇసుకలో, బురదలో, అనగా బాట విడిచిన తావులలో పోవుటకు ఉపకరించు కొన్ని హంగులను ఒక్క కట్టగా కట్టి, ఒక్క ధరకు అమ్ముట దీని స్వరూపము. ఫోర్డువారు దీనికి ఎఫ్ఎక్స్4 అని పేరిడిరి. షెవ్రొలేవారిది జడ్71. టొయోటావారి టకోమా బండిలో ఇది టీఆర్‌డీ ఆఫ్-రోడ్ అను పేర బరగుచున్నది. పేర్లు వేరైనను వస్తువులు చాలవరకు సమానములే.

ధర బండినిబట్టియు, సంవత్సరమునుబట్టియు మారును. ఉదాహరణకు 1,200 డాలర్లు అనుకొందము. దానిని అరువది నెలల వాయిదాలకు పంచినచో నెలకు ఇరువది డాలర్లు, వడ్డీ వేరు. ‘ఇంత పెద్ద బండిలో ఇరువది డాలర్లొక లెక్కయా?’ యని అంగడివాడు అనును. లెక్కయే. ఆ సొమ్ముతో ఏమి వచ్చుచున్నది, వచ్చినది మనకు ఏడాదిలో ఎన్ని దినములు పనికివచ్చును, పనికివచ్చు వస్తువు వేరుగా తక్కువకు దొరకునా అను మూడు ప్రశ్నలను విచారించుటయే మా యీ ప్రసంగము యొక్క ఉద్దేశము.

పూర్వ చరిత్ర

1925లో ఫోర్డు కంపెనీ తన మోడల్ టి కారుకు వెనుక తొట్టిని అమర్చి 281 డాలర్లకు అమ్మినది. కర్మాగారముననే పికప్ గా తయారై వచ్చిన తొలి బండ్లలో అది ప్రసిద్ధమైనది. ఆనాడు అమెరికా పల్లెబాటలలో అధికభాగము మట్టిబాటలే గావున, ప్రతి బండియు బాట విడిచిన బండియే. దానికి వేరు హంగులని ఎవరును పేరు పెట్టలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున జీపు వచ్చినది. నాలుగు చక్రములకును ఇంజను బలమందించు ఆ బండి సైనికులతోపాటు రైతుల మనస్సులను కూడ చూరగొన్నది. 1946లో డాడ్జి కంపెనీవారి పవర్ వ్యాగన్ అను బరువుబండి అదే ఏర్పాటుతో పౌరులకు అమ్మకమునకు వచ్చినది. 1959 నాటికి ఫోర్డువారు తమ పికప్పులలో నాలుగు చక్రముల బలమును కర్మాగారముననే అమర్చి యిచ్చిరి. 1988లో షెవ్రొలేవారి జడ్71 వచ్చినది. ఈ నడుమ బాటలు బాగుపడినవి. బాటలు బాగుపడిన కొలదిని బాట విడుచు హంగులు శ్రమకంటె వినోదమునకును, కొంత ఠీవికిని కారణమైనవి. నేటి కొనుగోలుదారునికి కలుగు సందిగ్ధమునకు మూలమిదియే.

ఒక చక్రము తిరిగి, ఒక చక్రము నిలుచుటేల?

ఈ హంగులలో ముఖ్యమైనదానిని గ్రహించుటకు ముందు డిఫరెన్షియల్ అను యంత్రభాగమును గురించి రెండు మాటలు తెలిసియుండవలెను. మన ఎద్దుబండి ఇరుసు తిరుగదు. కందెన పూసిన ఇరుసుపై రెండు చక్రములును దేనికది తిరుగును. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలసియుండగా అది ఎక్కువ తిరుగును, లోపలిది తక్కువ తిరుగును. ఏ చిక్కును లేదు. ఏలనన, బండిని లాగునవి ఎద్దులు గాని చక్రములు గావు. మోటారుబండిలో లాగవలసినది చక్రమే. ఇరుసును తిప్పవలెను, అయినను రెండు చక్రములకు వేర్వేరు వేగము లుండవలెను. ఈ రెండు ధర్మములను పొందుపరచునదియే ఇరుసు నడుమ నుండు డిఫరెన్షియల్.

మంచి బాటపై అది మహోపకారి. బురదలో దాని స్వభావమే దానికి శత్రువగును. సామాన్యపు డిఫరెన్షియల్ రెండు చక్రములకును సమానమైన బలమునే పంచును. ఒక చక్రము గట్టినేలపై నుండి నూరు పాళ్ళ బలమును భరింపగలదనుకొందము. రెండవది బురదలో నుండి పది పాళ్ళకే జారిపోవును. సమానముగ పంచవలెను గావున గట్టినేలపైనున్న చక్రమునకును పది పాళ్ళే అందును. మొత్తము ఇరువది. బండి కదలదు, బురదలోని చక్రము మాత్రము గిరగిర తిరిగి గొయ్యి త్రవ్వును. డిఫరెన్షియల్‌ను బిగించి రెండు చక్రములును ఒక్క వేగమున తిరుగునట్లు చేసినచో గట్టినేలపైని చక్రము తన నూరును, బురదలోనిది తన పదియు వినియోగించును. మొత్తము నూటపది. అదే బండి, అదే ఇంజను. కాని లాగు బలము అయిదున్నర రెట్లు.

గోదావరి, కృష్ణా డెల్టాలలో ట్రాక్టరు నడపిన రైతునకు ఇది క్రొత్త విషయము కాదు. దమ్ము చేయునపుడు ఒక చక్రము దిగబడి ఊరక తిరుగుచుండగా అతడు మడమ దగ్గరనుండు చిన్న పెడలును త్రొక్కును. రెండు చక్రములును బిగిసి ట్రాక్టరు పైకి వచ్చును. మలుపు తిరుగునపుడు దానిని వదలవలెననియు అతనికి తెలియును. అమెరికా పికప్పులో ఇదే పనికి ఒక మీట యుండును. ఎఫ్ఎక్స్4 కట్టలోని విలువైన వస్తువు ఇదియే. టకోమాలోను ఇదియే. షెవ్రొలేవారి బండ్లలో చిరకాలముగ వాడుకలోనున్న జి80 అను డిఫరెన్షియల్‌కు మీట అక్కరలేదు. రెండు చక్రముల వేగములలో నిమిషమునకు సుమారు నూరు చుట్ల తేడా రాగానే అది తనంతట తానే బిగిసికొనును.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. 2012 నమూనా సంవత్సరము మొదలు అమెరికాలో అమ్మబడు కార్లకు, పికప్పులకు జారుడును అదుపుచేయు ఎలక్ట్రానిక్ ఏర్పాటు చట్టముచే విధింపబడినది. ఒక్కొక్క చక్రపు వేగమును కనిపెట్టుటకును, ఒక్కొక్క చక్రమునకు వేరుగా బ్రేకు వేయుటకును కావలసిన సాధనములు అందుచే ప్రతి బండిలోను చేరినవి. ఊరక తిరుగు చక్రమునకు బ్రేకు వేసినచో డిఫరెన్షియల్ రెండవ చక్రమునకును బలము పంపక తప్పదు. ఈ విధమున, బిగించు మీట లేని బండియు నేడు చిన్న బురదనుండి, పలుచని మంచునుండి బయటపడగలదు. అయితే ఇది బ్రేకులను కాల్చుకొని చేయు పని. అర ఫర్లాంగు బురదకు చాలును గాని, దినమంతయు పొలములో తిరుగుటకు చాలదు. ముప్పది ఏండ్ల క్రింద మీటకున్న విలువలో కొంత భాగమును ఈ ఏర్పాటు హరించినదని మాత్రము ఒప్పుకొనవలెను.

కట్టలోని తక్కిన వస్తువులు

రెండవ వస్తువు అడుగు పలకలు. ఇంధనపు తొట్టి, బలమును ముందువెనుకలకు పంచు ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, ఈ మూడింటి క్రిందను రాతిదెబ్బ తగులకుండ అడ్డుపలకలను బిగింతురు. రాతిమీద బండి కూర్చున్ననాడు ఈ పలకయే వేల డాలర్ల మరమ్మతును తప్పించును. రాయి లేని దేశమున అది ఊరక మోయు బరువు.

మూడవది షాక్ అబ్జార్బర్లు. గుంతలబాటలో ఎక్కువసేపు పోవునపుడు వీనిలోని నూనె వేడెక్కి పట్టు తప్పును. ప్యాకేజిలో వచ్చునవి అట్టి బాటకు తగినట్లు సరిదిద్దబడినవి. మంచి వస్తువే, కాని వీనికి ఆయుస్సు మితము. అరిగినపుడు ఎట్లును మార్చవలసినదే. ఆనాడు ఇంతకంటె మేలైనవానిని కొని బిగించుకొనుటకు ఏ అభ్యంతరమును లేదు.

నాలుగవది దిగుడు అదుపు. నిటారైన వాలులో పాదము బ్రేకుపై పెట్టకయే బండిని మెల్లగా దింపును. చిన్న గేరులో బండిని దింపుట నేర్చినవానికి ఇది సౌకర్యము, నేర్వనివానికి రక్షణ. అయిదవది తొట్టి ప్రక్కల అంటించు పెద్ద అక్షరములు. వానిని గురించి మేము చెప్పవలసినదేమియు లేదు.

ఇక కట్టలో నున్నదని పలువురు భ్రమించునది ఒకటి కలదు. అది తక్కువ వేగపు గేరుల వరుస. మన పాత జీపులలో పెద్ద గేరుకర్ర ప్రక్కన రెండు చిన్న కర్రలుండుట పెద్దలు చూచియుందురు. ఒకటి ముందు చక్రములకు బలమిచ్చుటకు, రెండవది వేగము తగ్గించి లాగు శక్తిని పెంచుటకు. నేటి ఎఫ్-150లో ఈ రెండవది శక్తిని 2.64 రెట్లు పెంచును. వేగమును అన్ని రెట్లు తగ్గించును. బండ్లు ఎక్కు మెట్టలను, పడవను నీటినుండి లాగు వాలులను జయించునది ముఖ్యముగ ఈ గేరే. ఇది ఫోర్-వీల్ డ్రైవుతో వచ్చునది గాని ప్యాకేజితో వచ్చునది కాదు. ఫోర్-వీల్ డ్రైవు ధర వేరు. పెద్ద పికప్పులలో అది మూడు వేల డాలర్లకు మించుట కద్దు. కావున ‘ప్యాకేజి తీసికొన్నచో కొండ లెక్కును, తీసికొననిచో ఎక్కదు’ అను మాటలో నిజము తక్కువ. కొండ నెక్కించుటలో పెద్దపాలు ఫోర్-వీల్ డ్రైవుది. ప్యాకేజి దానిపై చేర్చునది మిగిలిన చిన్నపాలు.

అన్నిటికంటె ముందు టైరు

నేలను తాకునది టైరొక్కటే. ఇంజను బలము, గేరు బలము, డిఫరెన్షియల్ బిగింపు, ఇవన్నియు తుదకు అరచేతి వెడల్పు గల నాలుగు రబ్బరు ముక్కల గుండ నేలకు చేరవలెను. ఆ రబ్బరు నేలను పట్టనిచో పై యంత్రములన్నియు వ్యర్థములు.

డల్లాసు పట్టణము చుట్టునుగల ప్రదేశమును బ్లాక్‌లాండ్ ప్రయరీ అందురు. అచ్చటి నేల మన కర్నూలు, ఆదిలాబాదు సీమల నల్లరేగడికి సోదరి. ఎండకు నెఱ్ఱెలు విచ్చును. తడిసినచో ఉబ్బి జిగురగును. తడిసిన రేగడిలో నడచినవాని కాళ్ళకు మట్టి ముద్దలుగ అంటుకొని చెప్పులే మాయమగును గదా. బాటటైరుకు కూడ అదే గతి. దాని సన్నని గాళ్ళు నిండి, టైరు నున్నని మట్టిముద్ద యగును. అప్పుడు డిఫరెన్షియల్‌ను బిగించినను ప్రయోజనము స్వల్పము. ఒక చక్రము జారుటకు బదులు రెండును కలిసి జారును. మీట ఉపకరించునది ఒక చక్రమునకైనను పట్టు దొరకిన చోట. ఏ చక్రమునకును పట్టులేని చోట ఉపకరించునది లోతైన, వెడల్పైన గాళ్ళు గల టైరు. మన రైతు దమ్ములో రబ్బరు చక్రములకు తోడుగ ఇనుప దమ్ము చక్రములను బిగించుట ఈ సూక్ష్మము తెలిసియే.

ఇసుకలో కథ వేరు. అచ్చట టైరు గాలిని తగ్గించుటయే మంత్రము. బాటపై 35 పౌనులుండు గాలిని ఇరువది దరిదాపులకు దించినచో టైరు పరచుకొని ఇసుకపై తేలును. టెక్సాసు దక్షిణతీరమున ప్యాడ్రి ఐలండ్ జాతీయ సాగరతీరము కలదు. అచ్చట సుమారు 60 మైళ్ళ పొడవున ఇసుకమీదనే బండి నడుపుదురు. మొదటి 5 మైళ్ళు గట్టి ఇసుక గావున సామాన్యపు బండ్లును పోవును. అది దాటినచో ఫోర్-వీల్ డ్రైవు గల బండ్లకే దారి. అట్టి చోట గాలి తగ్గించుటకు ఒక కొలతసాధనము, తిరిగి నింపుటకు ఒక చిన్న పంపు, ఒక పార యున్నచో అవి చేయు ఉపకారమును అడుగు పలకలు చేయజాలవు. బాటకు తిరిగి వచ్చిన వెంటనే గాలి నింపుకొనవలెను. తక్కువ గాలితో వేగముగ పోవుట టైరు పగులుటకు హేతువు.

మంచు కురియు రాష్ట్రములలోను టైరే ప్రధానము. కొలరాడో రాష్ట్రమున ఐ-70 రహదారి కొండభాగములో సెప్టెంబరు మొదలు మే వరకు ప్రత్యేక నిబంధన అమలులో నుండును. ఫోర్-వీల్ డ్రైవు బండికైనను టైరు గాడి ఒక అంగుళములో 16వ పాళ్ళు మూడు ఉండవలెనని అందు విధించిరి. చట్టము చేసినవారు యంత్రమును జూచి ఊరకుండక టైరును కూడ కొలుచుట గమనింపదగిన విషయము.

తొట్టి మోయు బరువు

పికప్ కొనుట మోయుటకు. ప్యాకేజిలోని పలకలకు, అదనపు భాగములకు బరువున్నది. బండి బరువు పెరిగినంత మేర అది మోయగల బరువు తగ్గును. ప్రతి బండికిని డ్రైవరు తలుపు తెరచిన చోట స్తంభముపై ఒక కాగితము అంటించియుండును. మనుష్యులును సామానులును కలిసి ఇంతకు మించరాదని అందు వ్రాసియుండును. ఆ సంఖ్య బండి బండికిని మారును. ప్రకటనలలోని పెద్ద సంఖ్య దీనికి ప్రత్యామ్నాయము కాదు.

ఒక ఉదాహరణ చూతము. ఆ కాగితముమీద 1,500 పౌనులని యున్నది. ఒక్కొక్కరు సగటున 150 పౌనుల చొప్పున ఐదుగురు ఎక్కిరి: 750. వెనుక 6,500 పౌనుల తోకబండిని తగిలించిరి. తోకబండి బరువులో పదవ వంతు మొదలు నూటికి పదునైదు వంతుల వరకు కొక్కెముపై పడును. పదవ వంతే యనుకొన్నను 650. ఇక మిగిలినది నూరు పౌనులు. పెట్టెలకు, నీటికి, వంటసామగ్రికి అదియే. బండి లాగగలదు గదా యని ఇంకను ఎక్కించినచో వెనుక కుంగును, ముందు చక్రముల పట్టు తగ్గును, బ్రేకు ఆలస్యముగ పట్టును. కావున తోకబండి లాగు కుటుంబము ప్యాకేజి ఉన్న బండి కాగితమును, లేని బండి కాగితమును ప్రక్కప్రక్కన చదివిన తరువాతనే సంతకము చేయవలెను.

ఎవరికి తగును?

ఇప్పుడు మూడు కుటుంబములను ఊహింతము. మొదటిది డల్లాసు శివారులో నుండి, కార్యాలయమునకు, బడికి, అంగడికి తిరుగు కుటుంబము. ఏడాదికి రెండుమారులు చెరువుగట్టునకో, తోటకో మట్టిబాటపై పోవుదురు. ఎండిన మట్టిబాట బాటయే గాని బాట విడుచుట కాదు. అమెరికా బాటలలో సుమారు మూడవ వంతు నేటికిని తారు ఎరుగనివి. వానిపై సామాన్యపు కార్లు నిత్యము తిరుగుచునే యున్నవి. ఈ కుటుంబమునకు ప్యాకేజి అక్కరలేదు. ఆ ధనముతో మంచి టైర్లు కొని, మిగిలినది దాచుకొనుట మేలు.

రెండవది సెలవులకు పడమటి రాష్ట్రములకు పోయి గుడారములు వేసికొను కుటుంబము. అచ్చట ప్రజలు స్వేచ్ఛగా తిరుగదగిన ప్రభుత్వభూములు అపారము. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అను ఒక్క శాఖ క్రిందనే 24.5 కోట్ల ఎకరములు కలవు. ఊటా, కొలరాడోల కొండబాటలలో ఒక చక్రము గాలిలో లేచుట, రాయి అడుగును తాకుట తరచు జరుగును. మీటయు, పలకలును ఇచ్చట తమ ధరను తామే తెచ్చుకొనును. ఏడాదిలో పది పదునైదు దినములైనను ఇట్టి బాటలపై గడపువారు ప్యాకేజి కొనుట సమంజసము. ఇంతకు మించిన సాహసము కోరువారికి ఇది చాలదు. బండి ముందు, వెనుక, నడుమ ఎంత ఎత్తు మెట్టను తగులక దాటగలదను కోణములు ప్యాకేజితో పెద్దగా మారవు. వారికి వేరుజాతి బండ్లు కలవు; వాని ధరలును వేరుజాతివే.

మూడవది పొలమో, పశువులమందయో గల కుటుంబము. వానలో కంచె బాగుచేయుటకును, దూడకు మేత వేయుటకును బండి పోవలసినదే. ఆనాడు ఇంటికి రాకున్నచో లాగుటకు పిలిచిన బండికి కూలి చెల్లింపవలెను. వీరికి మీట తప్పక కావలెను. కాని రాళ్ళులేని నేల అయినచో పలకలు అనవసరము. కొన్ని నమూనాలలో బిగించు డిఫరెన్షియల్‌ను ప్యాకేజి లేకయే వేరుగా తీసికొనవచ్చును. అంగడివాడు ఈ సంగతి తనంతట చెప్పకపోవచ్చును, మనమే అడుగవలెను.

ఈ మూడింటినుండి మేము తేల్చు సూత్రమొకటి కలదు. తరువాత చేర్చుకొనుటకు కష్టమైనదానిని ముందే కొనవలెను. తరువాత సులభముగ చేర్చుకొనదగినదానిని అవసరము కలిగిననాడు కొనవలెను. ఫోర్-వీల్ డ్రైవును తరువాత చేర్చుట దాదాపు అసాధ్యము. డిఫరెన్షియల్ బిగింపును చేర్చవచ్చును గాని ఇరుసు విప్పవలెను. వస్తువు ధరయు పనివాని కూలియు కలిసి మొత్తము ప్యాకేజి ధరను మించిపోవచ్చును. పలకలు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు ఎప్పుడైనను ఒక్క పూటలో బిగింపదగినవి. కావున ప్యాకేజి విలువలో అధికభాగము ఆ మీటయందే యున్నది. మీట అవసరము లేనివానికి ప్యాకేజి అవసరము లేదు. మీట అవసరమైనవాడు దానికొరకు తక్కినవానిని భరింపవచ్చును.

మన దేశమున

ఈ విచారము అమెరికాకే పరిమితము కాదు. మన శ్రీసిటీలో 2016లో ఇసుజు కంపెనీవారి కర్మాగారము ప్రారంభమైనది. డి-మాక్స్ వి-క్రాస్ అను పికప్పు అచ్చటనే తయారైనది. టొయోటావారి హైలక్స్ 2022లో మన దేశమునకు వచ్చినది. మన యొద్ద ఇట్టి ప్యాకేజి ప్రత్యేకముగ కనబడుట అరుదు; ఫోర్-వీల్ డ్రైవు గల బండి తీసికొనవలెనా, రెండు చక్రములదే చాలునా అనునదియే సామాన్యముగ వచ్చు ప్రశ్న. పాడేరు, భద్రాచలము ఏజెన్సీ కొండలలో వానకాలమున వాగులు దాటవలసిన వానికిని, హైదరాబాదు వలయ రహదారిపై తిరుగువానికిని సమాధానము ఒక్కటి కానేరదు. లెక్క మాత్రము పైన చెప్పినదే.

చివరకు ఒక హెచ్చరిక. నాలుగు చక్రముల బలము బండిని కదలించును. ఆపుటలో దానికి పాత్ర లేదు. ప్రతి బండికిని బ్రేకులు నాలుగు చక్రములకే యున్నవి. మంచుబాటపై ఇతరులకంటె సులువుగ వేగమందుకొన్నవాడు, ఇతరులకంటె సులువుగ ఆగగలనని తలచును; ఆ తలంపే ప్రమాదము. అట్లే ఎండిన తారుబాటపై డిఫరెన్షియల్ బిగించి నడుపరాదు. మలుపులో బండి మాట వినదు, యంత్రము దెబ్బతినును. వాగు పొంగినపుడు ఏ ప్యాకేజియు ఈదుటకు పనికిరాదు. నీటి లోతు తెలియనిచో ఒడ్డున నిలుచుటయే ఉచితము. ఒంటి బండితో నిర్జనప్రదేశమునకు పోవుట మానవలెను. పోవువారు తాము పోవు దారిని, తిరిగివచ్చు వేళను ఇంట చెప్పి పోవలెను.

కొనబోవు కుటుంబము అంగడికి పోవుటకు ముందొక సాయంకాలము కూర్చుండి, గడచిన సంవత్సరమున తాము బాట విడిచి పోయిన దినములను ఒక కాగితముమీద వ్రాసికొనవలెనని మా సూచన. పోవలెనని కలలుగన్న దినములను గాక, నిజముగ పోయిన దినములనే వ్రాయవలెను. ఆ దినములలో ఎన్నిమారులు బండి దిగబడెనో, ఎన్నిమారులు అడుగు తాకెనో వాని ప్రక్కన గుర్తింపవలెను. ఆ కాగితమును జేబులో నుంచుకొని పోయినవానికి పట్టికలోని ఏ పంక్తికి అవునని చెప్పవలెనో, దేనికి వలదని చెప్పవలెనో తెలియుటకు ఆలస్యము కాదు.